తూర్పు గోడకు కిటికీ వద్దు

కలైయరసన్ రాసిన పుస్తకాల్లో మాదేశ్వరి ఒక్కటి కూడా చదవలేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, తర్వాత మాట రాకూడదు.

చదవలేదు గానీ, ఆయన టీలో చక్కెర వేసుకోడని ఆమెకు తెలుసు. ఎడమ మోకాలు నొప్పి అని తెలుసు. రాసేటప్పుడు కాగితం కింద పాత క్యాలెండరు అట్ట పెట్టుకుంటాడని తెలుసు. మొదటి పుస్తకం అచ్చయి చేతికొచ్చిన రోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో నిద్రపోయి, దిగాల్సిన ఊరు దాటి రెండు ఊళ్ళు వెళ్ళిపోయాడని కూడా తెలుసు. ఆయనకు కోపమొస్తే తమిళం రాదట, తెలుగే వస్తుందట. ఇవన్నీ ఎవరో చెప్పగా విన్నవి కావు. ఆయన నోటి నుంచే, ఫోనులో విన్నవి. ఇంటర్వ్యూని తమిళంలో పేట్టి అంటారు. ఆ మనిషి ఇప్పటిదాకా ఇచ్చిన పేట్టీలు నలభై ఒకటి. నలభై ఒకటీ మాదేశ్వరి వింది. కొన్నయితే అయిదారు సార్లు.

ఆమెది తమిళనాడులోని ధర్మపురి. కట్టడం పని. మేస్త్రి గోడ కడుతుంటే మాలు కలపడం, ఇటుకలు అందించడం, తట్ట నెత్తిన పెట్టుకుని మోయడం. ఆ పని చేసే ఆడవాళ్ళను చిత్తాళ్ళు అంటారు. ఇరవై రెండేళ్ళుగా చిత్తాళు, వయసు నలభై మూడు. భర్త మాదప్పన్ సెంట్రింగు పనికి బెంగుళూరు పోయి పదిహేను రోజులకొకసారి వస్తాడు, వచ్చిన రోజు నిద్రపోతాడు, మర్నాడు పోతాడు. కూతురు సరణ్య చెట్టికరైలో ఇంజనీరింగు కాలేజీలో రెండో సంవత్సరం. ఇంట్లో మాట తెలుగు, గడప దాటితే తమిళం. తాతముత్తాతలు ఎప్పుడొచ్చి ఆ నేల మీద పడ్డారో చెప్పేవాళ్ళు లేరు. తెలుగు అక్షరం ఎట్లా ఉంటుందో మాదేశ్వరి ఎరగదు. తమిళం మూడో తరగతి దాకా చదివింది గనుక బస్సు బోర్డు చదువుతుంది, రేషను షాపులో పేరు చూసుకుంటుంది. ఒకసారి సరణ్య కాలేజీ నుంచి కలైయరసన్ నవల తెచ్చి ఇస్తే నాలుగు పేజీలకు తొమ్మిది రోజులు పట్టింది. అయిదో పేజీలో ఎవరో చచ్చిపోయారట. చచ్చింది ఎవరో తెలియలేదు, ఎందుకు ఏడుస్తున్నారో తెలియలేదు. పుస్తకం మూసి, కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేసింది.

ఆ పిచ్చి ఆమెకు అంటుకున్నది కరోనా ఏడాది. బళ్ళు మూసేస్తే సరణ్య పాఠాల కోసమని ఒక ఫోను కొన్నారు. ఒకరోజు పాఠం అయిపోయాక దాని వెనకాలే ఎవరో కళ్ళజోడు పెట్టుకున్న మనిషి వచ్చి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆపేద్దామని మాదేశ్వరి వేలు పెట్టింది. ఆయనంటున్నాడు: మా అమ్మ ఇటుకలు మోసి మోసి నడినెత్తిన వెంట్రుకలు రాలిపోయాయి, పండగనాడు పూలు పెట్టుకుంటే ఆ చోట నిలిచేవి కావు. మాదేశ్వరి వేలు అక్కడే ఆగింది. రెండో చెయ్యి తనకు తెలియకుండానే నెత్తి మీదికి పోయింది.

అప్పుడు పట్టుకుంది. ఉడుం పట్టు. పొద్దున్నే బస్సులో ఒక పేట్టి, సాయంత్రం బస్సులో ఒకటి. తోటి చిత్తాళు అక్కమ్మకు ఇది పెద్ద వేడుక. మాదప్పన్ ఊళ్ళో ఉండడు కదా, నోటికి అడ్డేముంది.

"ఏమే మాదేసూ, మీ ఇంకో ఆయన ఈ పొద్దు ఏం చెప్పినాడు?" అని నలుగురిలో అడిగేది.

"మోకాలు నొప్పంట అక్కా."

"పాపం, పోయి నూనె రాసి రాగూడదా."

మాదేశ్వరి నవ్వి ఊరుకునేది. నొప్పి తగ్గిందో లేదో ఆ తర్వాతి పేట్టిలో తెలుస్తుందని మనసులో మాత్రం అనుకునేది.

ఆ నలభై ఒకటిలో పన్నెండోది ఆమె సొంత ఆస్తి లాంటిది. అందులో కలైయరసన్ తాను ఎట్లా రాస్తాడో చెప్పాడు. కిటికీ ముందు కూర్చుని రాయడం నా వల్ల కాదు, ఎదురుగా గోడ ఉండాలి, పూత వేయని ఇటుక గోడయితే ఇంకా మంచిది, నేను అక్షరాలు నేర్చింది అమ్మ పనిచేసే చోట గోడల మీద బొగ్గుతోనే, ఇప్పుడుండే బాడుగ ఇంట్లో కూడా కిటికీకి అట్ట అడ్డం పెట్టి రాస్తున్నాను అన్నాడు. విన్న మర్నాడే మాదేశ్వరి సరణ్యను వెంటబెట్టుకుని పనికి పోయింది. గుప్పెడు బొగ్గులు చేతిలో పెట్టి, పూత కాని గోడ చూపించింది. బడి తెరిచేదాకా ఆ పిల్ల చతురస్రాలు, త్రికోణాలు అన్నీ ఇటుకల మీదే గీసింది. మేస్త్రి తిట్టాడు, ఇంటివాళ్ళు తిట్టారు. మాదేశ్వరి తిట్లు ఒక చెవిన విని రెండో చెవిన వదిలింది. తర్వాత ఆ పిల్లకు ఇంజనీరింగులో సీటొచ్చిందంటే, అది ఆ గోడల పుణ్యమేనని, ఆ గోడలు చూపించినవాడి పుణ్యమేనని మాదేశ్వరి గట్టి నమ్మకం.

ఇక అసలు సంగతి.

మొన్న సంక్రాంతి వచ్చే తై నెల పోయాక సుబ్బన్న మేస్త్రి పాలక్కోడు దగ్గర మహేంద్రమంగళంలో ఒక ఇల్లు ఒప్పుకున్నాడు. సుబ్బన్న కూడా ఇంట్లో తెలుగు మాట్లాడే వీళ్ళ మనిషే, ఇరవై ఏళ్ళుగా మాదేశ్వరి ఆయన జట్టులోనే ఉంది. ఇల్లు కట్టించే ఆమె పేరు కుప్పాయి. యాభై ఎనిమిదేళ్ళు. పక్కనే పెంకుల గదిలో ఒక్కతే ఉంటుంది. తలకు తువ్వాలు చుట్టి, పొద్దునా సాయంత్రం గోడలకు నీళ్ళు తానే కొడుతుంది, కూలివాళ్ళకు టీ తానే మోసుకొస్తుంది. మోకాళ్ళు పోయేదాకా ఆమె కూడా చిత్తాళు పని చేసిన మనిషి, అందుకని ఆమె కళ్ళు గప్పి సిమెంటు తగ్గించడం ఎవరి వల్లా కాదు.

మూడో రోజు టీ పోస్తూ, తమ్ముడు డబ్బు పంపిస్తున్నాడనీ, వాడు పెద్ద పుస్తకాలు రాసేవాడనీ, సగం రోజులు ఇక్కడే ఉండి రాసుకుంటాడనీ చెప్పింది. పేరు కలైయరసన్ అంది.

మాదేశ్వరి టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేసింది. అక్కమ్మ మోచేత్తో పొడిచింది.  ఆ రోజంతా మాదేశ్వరి ఇటుకలు ఒకటొకటే తుడిచి అందించింది.

తూర్పు గది రాసుకునే గది. గోడ మూడడుగులు లేచింది. శనివారం పొద్దున సుబ్బన్న ప్లాను కాగితం చూసి, తూర్పు గోడ మీద సుద్దతో రెండు గీతలు గీశాడు. అక్కడ అయిదడుగుల కిటికీ. దాని ముందు రాసుకునే మేజా అని కాగితంలో గీసి ఉంది. ఆ రెండు గీతల మధ్య ఇటుక పడదన్నమాట.

మాదేశ్వరి తట్ట దించింది. ఈ గోడకు కిటికీ పెట్టొద్దని చెప్పింది. సుబ్బన్నకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వాడు.

"నువ్వెప్పుడు ఇంజనీరైనావే?"

"నేను కాదులే అన్నా, నా కూతురు అయితాంది. ఆ సార్ కిటికీ ముందర రాయడు. నేను విన్నా. గోడ నిండుగా కట్టు."

"ప్లానులో ఉండేది కడతా. మార్చల్లంటే ఇంటామె చెప్పల్ల."

"చెప్పిస్తా. అంతదంక పడమటి గోడ కట్టు."

సుబ్బన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఈమె పట్టు ఆయనకు కొత్త కాదు. కానీ కొలతలిచ్చి, కాగితం గీసి, ఇంజనీరు సంతకం పెట్టిన ప్లానును చిత్తాళు మాట మీద మార్చాడని ఊళ్ళో తెలిస్తే నవ్వరా. అందుకని ఒక మాట ఖచ్చితంగా చెప్పాడు. "రేపు ఆయన వచ్చి కిటికీ యాడ అంటే, ఆ గోడ నువ్వే పగలగొడతావు. ఆ తర్వాత నా జట్టులో నీకు వేల లేదు."

"సెరి" అంది మాదేశ్వరి. వేల అంటే పనే. ఇరవై ఏళ్ళ పనిని ఒక్క మాట మీద పందెం కాసేసింది. అక్కమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

మధ్యాహ్నం అన్నాల వేళ కుప్పాయి ఇసక గుట్ట పక్కన కూర్చుని ఉంది. మాదేశ్వరి పోయి సంగతి చెప్పింది. కుప్పాయి నమ్మలేదు. మా వాడి సంగతి నువ్వు నాకు చెప్తావా అన్నట్టు చూసింది. అప్పుడు మాదేశ్వరి కొంగున చేతులు తుడుచుకుని ఫోను తీసి, పన్నెండో పేట్టి పెట్టింది.

కుప్పాయి దగ్గరుండేది మీటలు నొక్కే పాత ఫోను. తమ్ముడు ఆదివారం ఆదివారం మాట్లాడతాడు. తిన్నావా, మాత్ర వేసుకున్నావా అంటాడు, అంతే. వాడు టీవీల్లో ఏం మాట్లాడతాడో ఆమె ఒక్కనాడూ వినలేదు. ఫోనును రెండు చేతులతో పట్టుకుని, తమ్ముడి మొహం చూసి మురిసిపోయింది. గోడల మీద బొగ్గుతో నేను అక్షరాలు నేర్చుకున్నానని వాడు చెప్పే చోటికి వచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు ఎట్లా ఉన్నది అట్లాగే బిగుసుకుపోయింది.

ఫోను తిరిగి మాదేశ్వరి ఒళ్ళో పెట్టింది.

"వానికప్పుడు నాలుగేండ్లు. గోడ మీద రాసింది నేను" అంది. "వాణ్ణి చూసుకునేదానికి ఆళ్ళు లేరని నాలుగో తరగతితో నన్ను బడి నిలిపేసినారు. చదివింది మర్చిపోకూడదని గోడ మీద రాసుకుంటా ఉంటి. వాడు నా చేతిలో బొగ్గు లాక్కొని నోట్లో పెట్టుకుంటా ఉండె. అదీ వాడు గోడ మీద నేర్చిన చదువు."

మాదేశ్వరి ఫోను ఆపేసింది.

"మేస్త్రికి చెప్పు. కిటికీ పెట్టమను. ఇంకో అడుగు పెద్దదే పెట్టమను" అని కుప్పాయి మోకాళ్ళు పట్టుకుని లేచి, టీ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం పాలక్కోడు బస్సులో టమాటా బుట్టల మధ్య ఇరుక్కుని నిలబడి, మాదేశ్వరి ఆరేళ్ళలో మొదటిసారి ఫోను తీయలేదు. అక్కమ్మ కూడా ఎగతాళి చేయలేదు. ఇంటికి పోయి సరణ్యకు చెబితే ఆ పిల్ల తేలిగ్గా తీసుకుంది. కథలు రాసేవాళ్ళు కథలే చెప్తారు అంది.

"కథలో చెప్పనీ. పేట్టిలో చెప్పగూడదు" అంది మాదేశ్వరి.

మరుసటి రోజు ఆదివారం, పని లేదు. ఇంకొకరయితే ఇంతటితో సరి, పెద్దవాళ్ళందరూ ఇంతే అని దులిపేసుకునేవాళ్ళు. మాదేశ్వరి చేటలో రాగులు పోసుకుని గుమ్మంలో కూర్చుంది. ఫోను గోడకు ఆనించింది. నలభై ఒకటో పేట్టి నుంచి వెనక్కి వినుకుంటూ పోయింది. ఆయన గోడ మాట ఎత్తినచోటల్లా చెవి పెట్టింది. ఎక్కడా అక్క లేదు. రాగులు అయిపోయాయి, ఉలవలు మొదలుపెట్టింది. సంగటి కెలకలేదు. సరణ్యే కెలికి పెట్టింది.

ఎండ వాలే వేళకు అన్నిటికంటే పాతదాని దగ్గరికొచ్చింది. పదమూడేళ్ళ కిందటిది, కడత్తూరు లైబ్రరీలో ఏదో వార్షికోత్సవం నాడు ఎవరో ఫోనుతో తీసింది. ఏడు నిమిషాలు. నెత్తిన ఫ్యాను గరగరమంటూ మాట మింగేస్తుంది. అందుకే మాదేశ్వరి దాన్ని ఒక్కసారి విని వదిలేసింది. ఈసారి ఫోనును చెవిలో దూర్చినంత పని చేసింది. అందులో కలైయరసన్ సన్నగా ఉన్నాడు, గళ్ళ చొక్కా, తలంతా నలుపు. అంటున్నాడు: మా అక్క గోడ మీద రాస్తుంటే పక్కన కూర్చుని నేనూ గీకేవాణ్ణి, ఒకరోజు ఆ గోడకు పూత వేసేశారు, ఆ రోజు అక్క అన్నం తినలేదు, నేను ఇప్పటిదాకా రాసిందంతా...

అంతలో అడిగే ఆయన అడ్డొచ్చాడు. సార్, టైము లేదు, మీకొచ్చిన బహుమతి గురించి రెండు మాటలు చెప్పండి అన్నాడు. కలైయరసన్ బహుమతి గురించి చెప్పాడు. వీడియో అయిపోయింది.

మాదేశ్వరి అక్కడి నుంచి మళ్ళీ ముందుకు వచ్చింది. రెండోదాంట్లో అడిగేవాడే అనేశాడు, మీరు గోడల మీద బొగ్గుతో చదువు నేర్చుకున్నారట కదా అని. కలైయరసన్ ఒక క్షణం నోరు తెరిచి ఆగాడు. అవును అన్నాడు. మూడోదాంట్లో ఆగలేదు. పన్నెండో దానికి వచ్చేసరికి ఆ మాట నున్నగా, అడ్డం లేకుండా వచ్చేసింది.

సోమవారం పొద్దున మాదేశ్వరి అందరికంటే ముందు బస్సెక్కి మహేంద్రమంగళంలో దిగింది. కుప్పాయి గోడలకు నీళ్ళు కొడుతోంది, పలకరించలేదు. మాదేశ్వరి నీళ్ళ గొట్టం ఆమె చేతిలోంచి తీసుకుని, బదులుగా ఫోను పెట్టింది. ఫ్యాను మోత వస్తాదక్కా, చెవి దగ్గర పెట్టుకో అంది.

కుప్పాయి వింది. మళ్ళీ పెట్టమంది. మూడోసారీ పెట్టమంది. మాదేశ్వరి గోడంతా తడిపేసింది.

"అన్నం తినలేదని వానికి గుర్తుండాదా" అంది కుప్పాయి. ఫోను తిరిగిస్తూ, "ఆ పొద్దు అమ్మ కొట్టింది గూడా. అది చెప్పలేదు" అంది.

సుబ్బన్న మోటారు సైకిలు దిగేసరికి ఇద్దరూ తూర్పు గోడ దగ్గర నిలబడి ఉన్నారు. కుప్పాయి సుద్ద గీతలను అరచేత్తో చెరిపేసింది.

"ఈ గోడకు కిటికీ వద్దు. లోపలి పక్క పూతా వద్దు. ఇటుక ఇటుకగానే ఉండల్ల."

పూత లేకుండా వదిలితే డబ్బు చాలక వదిలేశారని ఊరంతా అంటుందని సుబ్బన్న మొత్తుకున్నాడు. అనుకోనీ అంది కుప్పాయి. తమ్ముడి కోసమా అని అడిగాడు. వాని కోసరం కాదు, కట్టు అంది.

కట్టాడు. పూత ఉంటే ఎగుడుదిగుళ్ళు దాని కింద దాగుతాయి. లేకపోతే మేస్త్రి పనితనమంతా జనం కళ్ళ ముందు ఉంటుంది. సుబ్బన్నకు రోషమొచ్చింది. వరుస వరుసకూ గోడ నిటారు చూసే తూకుగుండు వేలాడదీశాడు, దారం కట్టాడు. మాదేశ్వరి గుట్టంతా తిరగేసి, అంచు విరగని, ఒకే ఎరుపు ఉన్న ఇటుకలు ఏరి ఏరి అందించింది. నాలుగు రోజులు పట్టింది. అంత నిటారు గోడ ఆయన జన్మలో కట్టలేదని అక్కమ్మ చెప్తుంది.

స్లాబు వేసే రోజు కలైయరసన్ వచ్చాడు. ఆ రోజు కట్టడాల్లో పండగ. మాలు కలిపే యంత్రం గర్జిస్తూ ఉంటుంది, కింద నుంచి పైకి తట్టలు చేతులు మారుతూ పోతాయి, ఇంటివాళ్ళు మాంసం అన్నం పెట్టాలి. కుప్పాయి పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉంది. కారు దిగిన తమ్ముడు మోకాలు పట్టుకుని నడిచాడు. నొప్పి తగ్గలేదని మాదేశ్వరి వరుసలో నుంచే కనిపెట్టింది.

ఆయన తూర్పు గదిలోకి, సెంట్రింగు గుంజల మధ్య వంగి వంగి పోయాడు. గుంజలు నిలబెట్టకముందే కుప్పాయి ఆ గోడ మీద బొగ్గుతో రాసి పెట్టింది. తమిళ అక్షరాలు, చిన్న పిల్లలకు నేర్పేవి, వరుసగా. నడుమ ఒక అక్షరం మర్చిపోయి, దాని చోటు ఖాళీగా వదిలింది. ఆయన చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక మొదట అడిగింది మాత్రం వేరే.

"ఈడ కిటికీ పెట్టమని చెప్పింటి గదక్కా. ఇంజనీరుకి నేనే చెప్పినా. ఇప్పుడు కండ్లు కనిపించడం లేదు, వెలుతురు లేకుంటే రాయలేను. గోడ కావల్లని చెప్పి పదేండ్లయింది."

సుబ్బన్న వరుస ఆపాడు. అందరూ మాదేశ్వరి వైపు తిరిగారు. విన్నావా అన్నట్టు సుబ్బన్న తల ఊపాడు. మాదేశ్వరి చేతిలో తట్ట పక్కామెకు ఇచ్చి, సిమెంటు చేతులతోనే వచ్చి ఆయన ముందు నిలబడింది. 

"సార్, గోడ కట్టించింది నేను. మీ పుస్తకం ఒకటీ చదవలేదు. మీ పేట్టీలు నలభై ఒకటీ విన్నా. కడత్తూరు లైబ్రరీలో, గళ్ళ సొక్కా వేసుకొని, అక్క అన్నం తినలేదని చెప్పినారు. ఆ తర్వాత నలభై పేట్టీల్లో అక్క లేదు. మీ అక్క మీద పూత వేసేసినారు సార్."

మాలు యంత్రం ఒక్కటే తిరుగుతోంది. కలైయరసన్ కడత్తూరు ఎప్పుడని అడిగాడు. ఆమె ఏడాది చెప్పింది, నెల చెప్పింది, ఫ్యాను మోత కూడా చెప్పింది. అడిగే ఆయన ఎక్కడ అడ్డొచ్చాడో చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. తర్వాత అక్క వైపు చూశాడు.

కుప్పాయి గరిటె పట్టుకునే వచ్చింది.

"నాకేం పోయింది. ఈయమ్మ వేల పోగూడదు, అంతే" అని సుబ్బన్నకు వినబడేట్టు అంది. తమ్ముడితో, "ఉత్తరం గోడకు కిటికీ ఉండాది. మేజా అటు తిప్పుకో. ఈ గోడ నాది" అంది.

కలైయరసన్ తల ఊపాడు. మాదేశ్వరి వైపు తిరిగి, నెమ్మదిగా, తమిళంలో కాదు, ఇంటి మాటలోనే అన్నాడు. "రాసిందయితే కొట్టేసి మళ్ళీ రాస్తా. మాట్లాడింది ఎట్ల కొట్టేసేది?"

"ఇంకోసారి మాట్లాడండి సార్. మేము వింటాం."

అని పోయి వరుసలో తన చోట నిలబడింది. స్లాబు మధ్యలో ఆగకూడదు, ఆగితే అతుకు పడుతుంది. తట్టలు మళ్ళీ కదిలాయి.  మర్నాడు పొద్దున సుబ్బన్న, కూలివాళ్ళు చేరే నాలుగు రోడ్ల దగ్గర జట్టును పిలిచేటప్పుడు మొదటి పేరు ఆమెదే పిలిచాడు. ఆయన ఒప్పుకోలు అట్లా ఉంటుంది.

రెండు నెలలు ఏ పేట్టీ రాలేదు. మాదేశ్వరి రోజూ బస్సులో వెతికేది. మర్చిపోయినాడేమోలే అని అక్కమ్మ ఓదార్చింది. ఎవరు, నేనా వదిలేది అని మాదేశ్వరి జవాబు. వచ్చేదాకా పాతవి మళ్ళీ వినదల్చుకోలేదు, రోజూ వెతకడమే.

నలభై రెండోది ఒక బుధవారం వచ్చింది. అడిగేది ఒక చిన్నపిల్ల, చాలా గబగబా మాట్లాడుతోంది. గోడల మీద బొగ్గుతో చదువు నేర్చుకున్నారట కదా సార్ అంది అలవాటుగా. మాదేశ్వరి బస్సు కడ్డీని గట్టిగా పట్టుకుంది. కలైయరసన్ ఆగాడు. నేను కాదమ్మా, మా అక్క అన్నాడు. మా అక్క కుప్పాయి, నన్ను చూసుకోవడానికి బడి మానేసి, మర్చిపోకూడదని గోడల మీద రాసుకునేది అంటున్నాడు. ఓ, చాలా బాగుంది సార్, ఇంతకీ మీ కొత్త నవల అని ఆ పిల్ల మొదలుపెట్టింది.

"ఉండమ్మా. ఇది ముగించనీ" అన్నాడు.

ముగించాడు. పూత వేసిన రోజు, తినని అన్నం, అమ్మ కొట్టిన దెబ్బ, పదమూడేళ్ళుగా తాను మింగేసిన మాట, అన్నీ చెప్పాడు. మాదేశ్వరి దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి రెండు మైళ్ళు నడిచి పనికి ఆలస్యంగా పోయింది.

ఆ ఆదివారం ఫోను తీసుకుని మహేంద్రమంగళం పోయింది. కుప్పాయి తూర్పు గదిలో, తన గోడ కింద కాళ్ళు చాపుకుని కూర్చుని వింది. మొదటి నుంచి చివరిదాకా కదల్లేదు. అయిపోయాక కళ్ళు తుడుచుకుంది, ముక్కు చీదింది, ఫోను తిరిగిచ్చింది.

"నేను అయిదో తరగతి దాకా చదివినానని అన్నాడు. నేను చదివింది నాలుగే."

మాదేశ్వరి ఆ చోటు మళ్ళీ పెట్టి వింది. నిజమే, అయిదో తరగతి అన్నాడు.

"నలభై మూడోదాంట్లో సరి చేయిస్తాలే అక్కా" అని, ఆయన నంబరు ఇయ్యమని అక్కడే అడిగింది.